గుర్తింపు లేని యూనివర్సిటీ

కాలేజీలో చేరినప్పుడు అందరూ అడిగేది ఏ బ్రాంచ్ అని. ఫైనల్ ఇయర్‌కి వచ్చాక అడిగేది ప్యాకేజీ ఎంత అని. ఈ రెండు ప్రశ్నల మధ్యలో నాలుగేళ్ళు గడిచిపోతాయి. అసలు యూనివర్సిటీ ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న వేసుకుని, జవాబు వెతుక్కుని, ఆ జవాబు ప్రకారం నిజంగానే ఒక యూనివర్సిటీ పెట్టి చేతులు కాల్చుకున్న ఒకాయన గురించి ఈసారి రాస్తున్నాను. పేరు జాన్ హెన్రీ న్యూమన్. గాంధీగారికి ఎంతో ఇష్టమైన 'లీడ్, కైండ్లీ లైట్' ప్రార్థనాగీతం రాసింది ఈయనే. నాది మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియం, అందుకని కొన్ని మాటలు ఇంగ్లిష్‌వే పడతాయి, సర్దుకోండి.

న్యూమన్ 1801 ఫిబ్రవరి 21న లండన్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రికి బ్యాంకు ఉండేది. 1816లో అది మూతపడింది. ఆ ఏడాదే, పదిహేనేళ్ళ వయసులో, ఆయన మనసు దేవుడి వైపు గట్టిగా తిరిగింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీలో చదువు మొదలుపెట్టాడు. ఇంటి పరిస్థితి అలా ఉంది కాబట్టి ఆశలన్నీ ఈ అబ్బాయి మీదే. ఫైనల్ పరీక్షల కోసం రోజుకి పది పన్నెండు గంటలు చదివాడు. 1820లో తీరా పరీక్షకి పిలుపు అనుకున్నదానికంటే ఒకరోజు ముందే వచ్చింది. లోపలికి వెళ్ళాక కాళ్ళూ చేతులూ ఆడలేదు. పాస్ అయితే అయ్యాడు గానీ, గణితం ఆనర్స్ లిస్టులో పేరే లేదు, క్లాసిక్స్‌లో అట్టడుగున ఉంది. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు. నా వయసే.

మన భాషలో చెప్పాలంటే ఆయన కథ అక్కడే అయిపోవాలి. అవలేదు. ఓరియల్ అనే కాలేజీ తన ఫెలోలను ఎంచుకోవడానికి విడిగా ఒక పరీక్ష పెట్టేది. బట్టీ కొట్టినవాణ్ణి కాకుండా ఆలోచించేవాణ్ణి పట్టుకోవడానికి పెట్టిన పరీక్షగా దానికి పేరు. 1822 ఏప్రిల్ 12న న్యూమన్ అందులో నెగ్గాడు. ఆక్స్‌ఫర్డ్‌లో అంతకంటే గౌరవమైన చోటు లేదు. తర్వాత చర్చి పాస్టర్ అయ్యాడు, ట్యూటర్ అయ్యాడు. ట్యూటర్ పనంటే సిలబస్ పూర్తి చేయడం కాదని, విద్యార్థి బుద్ధికీ నడతకీ బాధ్యత పడటమని ఆయన పట్టు. కాలేజీ పెద్దకి అది నచ్చలేదు. కొత్త విద్యార్థుల్ని ఆయన దగ్గరికి పంపడం మానేశాడు.

1828 నుంచి యూనివర్సిటీ చర్చి సెయింట్ మేరీస్‌లో ఆయన ప్రసంగాలు వినడానికి విద్యార్థులు గుంపులుగా వచ్చేవాళ్ళు. యూనివర్సిటీ ముందు చేసిన ప్రసంగాల్లో విశ్వాసం, హేతువు అనే రెండింటి గురించి చాలా లోతుగా మాట్లాడాడు. నాకు బాగా పట్టుకున్నది కొండ ఎక్కేవాడి పోలిక. నిట్టనిలువు కొండను ఎక్కేవాడు ఎక్కడ చెయ్యి వేయాలో, ఎక్కడ కాలు పెట్టాలో సూత్రాలు చూసుకుని ఎక్కడు. ఎక్కేస్తాడు. ఎలా ఎక్కావంటే చెప్పలేడు. మనిషి బుద్ధి కూడా ఎక్కువగా అలాగే నడుస్తుందంటాడు న్యూమన్. మన ల్యాబ్‌లో చూడండి, కోడ్ మీద ఒక్కసారి కళ్ళు తిప్పి బగ్ ఇక్కడుందని చెప్పే సీనియర్ ఒకరుంటారు. ఎలా తెలిసిందంటే నవ్వి ఊరుకుంటారు. వాళ్ళు ఆలోచించలేదని కాదు, ఆ ఆలోచన మెట్లు మెట్లుగా బయటికి కనిపించదంతే. విశ్వాసం బుద్ధికి శత్రువు కాదని, అది కూడా బుద్ధి నడిచే తీరుల్లో ఒకటని ఆయన వాదన. దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, కానీ గుడ్డినమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేయడానికి మాత్రం వీలుండదు.

ఆ బుద్ధే ఆయన్ని చిక్కుల్లోకి తీసుకెళ్ళింది. 1833లో మిత్రులతో కలిసి ఇంగ్లండు చర్చిని తొలినాటి క్రైస్తవ సంఘం వైపు మళ్ళించాలని ఒక ఉద్యమం మొదలుపెట్టాడు. దాన్నే ఆక్స్‌ఫర్డ్ మూవ్‌మెంట్ అంటారు. తన చర్చిని సమర్థించడానికే పాత చరిత్ర చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ సాక్ష్యం కేథలిక్ చర్చి వైపు మొగ్గడం కనిపించింది. 1841లో రాసిన 90వ ట్రాక్ట్‌ను యూనివర్సిటీ పెద్దలు ఖండించారు. లిటిల్‌మోర్ అనే పల్లెకి మారి ఏళ్ళ తరబడి తనతో తనే వాదించుకున్నాడు. 1845 అక్టోబర్ 9న కేథలిక్ అయ్యాడు. ఫెలోషిప్ పోయింది, పాత స్నేహాలు పోయాయి, ఒక చెల్లెలితో సంబంధాలు తెగిపోయాయి. ఆరోజుల్లో ఇంగ్లండు చర్చి 39 సూత్రాలకి సంతకం పెడితేగానీ ఆక్స్‌ఫర్డ్‌లో చేర్చుకునేవారు కాదు. ఇక అక్కడ ఆయనకి చోటెక్కడ? 1846లో వదిలి వెళ్ళినవాడు మళ్ళీ అక్కడ అడుగుపెట్టింది 32 ఏళ్ళ తర్వాత.

ఇప్పుడు ఐర్లండ్‌కి వద్దాం. అక్కడ జనాభాలో ఎక్కువమంది కేథలిక్కులు. 1845లో బ్రిటిష్ ప్రభుత్వం బెల్‌ఫాస్ట్, కార్క్, గాల్వేలలో మతబోధ లేని కాలేజీలు పెట్టింది. బిషప్పులు వాటిని తిరస్కరించి, సొంత యూనివర్సిటీ పెట్టాలనుకున్నారు. 1851లో ఆర్చ్‌బిషప్ పాల్ కల్లెన్ న్యూమన్‌ని పిలిచాడు. యూనివర్సిటీ తలుపులు తెరవకముందే, 1852లో డబ్లిన్‌లో న్యూమన్ వరసగా ఉపన్యాసాలు ఇచ్చాడు. 'ది ఐడియా ఆఫ్ ఎ యూనివర్సిటీ' పుస్తకానికి అవే పునాది.

అందులో ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. యూనివర్సిటీ అంటే అన్ని విద్యలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండే చోటు. దేవుడున్నాడన్నది నిజమైతే ఆ జ్ఞానం కూడా జ్ఞానమే. అన్నీ నేర్పుతామని బోర్డు పెట్టి దాన్ని వదిలేస్తే బోర్డు అబద్ధం. పైగా ఒక విద్యని తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, పక్క విద్య వచ్చి ఆక్రమిస్తుంది. అర్థశాస్త్రం తన హద్దు దాటి సుఖమంటే ఏమిటో చెప్పడం మొదలుపెడుతుంది, వైద్యం దాటి మంచీ చెడూ తీర్పు చెబుతుంది. ఇప్పుడైతే ఆ పని మా బ్రాంచ్ చేస్తోందని నా అనుమానం. ఏ ప్రశ్న వేసినా డేటా ఉందా అంటున్నాం. ఎందుకు బతకాలన్నదానికి డేటా ఎక్కడ దొరుకుతుంది?

అలాగని ఆయన మతానికి సైన్స్ మీద పెత్తనం ఇవ్వలేదు. పరిశోధకుణ్ణి తన దారిలో స్వేచ్ఛగా వెళ్ళనివ్వాలని, మధ్యలో తప్పు చేసినా కంగారుపడి ఆపకూడదని గట్టిగా చెప్పాడు. చదువు మనిషిని మర్యాదస్తుణ్ణి చేస్తుందేగానీ పుణ్యాత్ముణ్ణి చేయదని కూడా దాచకుండా ఒప్పుకున్నాడు. చదువుకి మొదటి ఫలం ఉద్యోగం కాదని, విశాలమైన బుద్ధి అని, అలాంటి బుద్ధి ఉన్నవాడు ఏ ఉద్యోగమైనా చేయగలడని ఆయన నమ్మకం.

1854 నవంబర్ 3న యూనివర్సిటీ తెరుచుకుంది. రెక్టర్ న్యూమన్. బర్మింగ్‌హామ్‌లో తన మఠం, డబ్లిన్‌లో యూనివర్సిటీ. రెండిటి మధ్యా యాభైసార్లకు పైగా సముద్రం దాటాడు. కానీ కరువు దెబ్బతిన్న దేశం, ఫీజు కట్టగలిగేవాళ్ళు తక్కువ. ప్రభుత్వ చార్టర్ లేదు కాబట్టి డిగ్రీకి గుర్తింపు లేదు. లెక్కల విషయంలో మామూలు పౌరులకి కూడా చోటివ్వాలని ఆయనంటే, పగ్గాలు తమ చేతిలోనే ఉండాలని బిషప్పులు. అన్నిట్లోకీ బాగా నడిచింది మెడికల్ స్కూలు, ఎందుకంటే అక్కడ చదివినవాళ్ళు బయటి సంస్థల నుంచి లైసెన్సు తెచ్చుకోగలిగేవాళ్ళు. చదువు చదువు కోసమే అన్న మనిషి పెట్టిన చోట ఉద్యోగం వచ్చే కోర్సే నిలబడింది. 1858లో న్యూమన్ రాజీనామా చేశాడు.

మనకి సంబంధించిన సంగతి ఒకటుంది. ఆయనింకా డబ్లిన్‌లో రెక్టర్‌గా ఉండగానే, 1857లో, కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పుట్టాయి. వాటికి నమూనా లండన్ యూనివర్సిటీ. పాఠం కాలేజీలు చెబుతాయి, యూనివర్సిటీ పరీక్ష పెట్టి డిగ్రీ ఇస్తుంది. తెలుగు జిల్లాల కాలేజీలు చాలాకాలం మద్రాసు కిందే ఉండేవి. మన అఫిలియేషన్ పద్ధతి ఆ వరసలోదే. న్యూమన్ మాత్రం, పరీక్ష రాస్తే చాలు డిగ్రీ ఇచ్చే చోటు కంటే, ఏ పరీక్షా లేకుండా కుర్రాళ్ళని మూడు నాలుగేళ్ళు కలిసి బతకనిచ్చే చోటే మేలన్నాడు. హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు.

తర్వాత కొన్నేళ్ళు ఆయన్ని ఇటూ అటూ ఎవరూ నమ్మలేదు. 1864లో తన జీవితాన్ని తనే రాసుకున్న 'అపాలజియా'తో ఇంగ్లండు మళ్ళీ ఆయన మాట విన్నది. ఒకప్పుడు పరీక్షలో కుప్పకూలిన ట్రినిటీ కాలేజీయే 1877లో తన మొదటి గౌరవ ఫెలోగా ఎన్నుకుంది. 1879లో కార్డినల్ అయ్యాడు. 1890 ఆగస్టు 11న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశాడు. 2019లో కేథలిక్ చర్చి పునీతుడిగా ప్రకటించింది. డబ్లిన్ సంస్థ చేతులు మారి యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌గా ఇప్పటికీ ఉంది.

గుర్తింపు అక్కర్లేదని నేననను. డిగ్రీ కాగితం లేకపోతే ఏమవుతుందో ఆయన యూనివర్సిటీయే చూపించింది, మా ఇంట్లో కూడా అదే చెబుతారు. కానీ గుర్తింపు ఉండి, వేసుకోవాల్సిన ప్రశ్న లేకపోతే అది కూడా సగం యూనివర్సిటీయే. మనకీ యూనివర్సల్ హ్యూమన్ వాల్యూస్ అని ఒక పేపర్ ఉంది. క్రెడిట్ల కోసం రాసి మర్చిపోతాం. ఈసారి ఆ పీరియడ్‌లో ఫోన్ పక్కన పెట్టి, ఆ పేపర్ అసలు మన సిలబస్‌లో ఎందుకుందని సార్‌ని అడిగి చూడండి. క్లాసంతా నవ్వినా పర్లేదు, ఆయన ఏం చెబుతారో వినండి.