రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (మే 13, 1857 - సెప్టెంబరు 16, 1932) మలేరియా వ్యాప్తిలో దోమల పాత్రను నిరూపించి, 1902లో వైద్యశాస్త్రములో నోబెల్ బహుమతి పొందిన బ్రిటిషు వైద్యుడు. ఈయన పరిశోధన సాంఖ్యకశాస్త్రములో చలరాశి, నియంత్రణ సమూహము, సగటు అనే ప్రాథమిక భావనలకు కూడా చక్కని ఉదాహరణ.

తొలి జీవితము

రాస్ అల్మోరాలో జన్మించాడు. తండ్రి బ్రిటిషు భారత సైన్యములో అధికారి. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యము అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండనులో కలిసిన పాట్రిక్ మాన్సన్ ప్రోత్సాహముతో మలేరియాకు, దోమలకు గల సంబంధాన్ని వెదకనారంభించాడు.

బేగంపేట పరిశోధన

1895లో రాస్ సైనిక వైద్యునిగా సికింద్రాబాదు వచ్చాడు. మలేరియా రోగులను కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించినా, రెండేళ్ళపాటు ఫలితము దక్కలేదు. ఆయన ఎక్కువగా వాడిన దోమలు మానవ మలేరియాను మోసే జాతివి కావు. దోమ జాతి కూడా ఫలితాన్ని మార్చే ఒక చలరాశి అని అప్పటికి స్పష్టము కాలేదు.

కోఠికి ఉత్తరముగా, హుస్సేన్‌సాగర్ ఆవల ఉన్న బేగంపేటలో 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు లభించాయి. వాటిచేత కుట్టించుకొన్న హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అటువంటి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కణాలు కనిపించాయి. అయితే ఆ సంవత్సరము డిసెంబరులో ప్రచురించిన వ్యాసానికి ఆధారము రెండు దోమలు మాత్రమే. ఇంత చిన్న నమూనాతో సందేహము తీరదు. ఇంతలో బదిలీ కావడముతో పని ఆగిపోయింది.

కలకత్తా ప్రయోగము

1898లో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాను ఎంచుకొన్నాడు. ఒకే జాతి దోమలను పదేసి చొప్పున మూడు పిచ్చుకలపై వదిలాడు. రక్తములో క్రిములు అధికముగా ఉన్న పిచ్చుకను కుట్టిన దోమలలో మొత్తము 1009 క్రిమి కణాలు, ఓ మోస్తరుగా ఉన్నదానిని కుట్టినవాటిలో 292 కణాలు లభించాయి. క్రిములు లేని పిచ్చుకను కుట్టినవాటిలో ఒక్కటి కూడా లేదు. సగటున దోమకు వరుసగా 100.9, 29.2, 0.

ఇక్కడ పిచ్చుక రక్తములోని క్రిముల స్థాయి స్వతంత్ర చలరాశి; దోమలోని కణాల సంఖ్య దానిపై ఆధారపడే పరతంత్ర చలరాశి; క్రిములు లేని పిచ్చుకను కుట్టిన దోమలు నియంత్రణ సమూహము. మూడవ సమూహమే లేకపోతే, ఆ కణాలు దోమలలో సహజముగానే ఉంటాయేమోనన్న అనుమానము మిగిలేది. ఆ జూలైలో క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరుతాయని గుర్తించి, దోమకాటుతో ఆరోగ్యవంతమైన పక్షులకు వ్యాధి సోకుతుందని నిరూపించాడు. మనుషుల విషయములో ఈ నిరూపణను ఆ సంవత్సరమే ఇటలీలో గ్రాస్సీ బృందము పూర్తి చేసింది.

గణిత కృషి

రాస్ 1899లో ఉద్యోగము విడిచి లివర్‌పూల్‌లో అధ్యాపకుడయ్యాడు. దోమలన్నిటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక హద్దుకంటే తగ్గిస్తే వ్యాధి క్రమముగా అంతరిస్తుందని 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథములో గణితముతో వివరించాడు. దోమల సంచారముపై ఆయన లేవనెత్తిన ప్రశ్న, ప్రసిద్ధ సాంఖ్యక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1905లో యాదృచ్ఛిక నడక సమస్యను ప్రతిపాదించడానికి కారణమైంది.

1911లో సర్ బిరుదు పొందిన రాస్ 1932లో లండనులో మరణించాడు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినముగా పాటిస్తారు. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి ఈయన పేరే పెట్టారు.