ఫ్లారెన్సు నైటింగేలు వ్రాసిన లెక్కలు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, 1 సమూయేలు 4:12-18.

వృద్ధుడైన ఏలీ దుర్వార్త విని, పీఠముమీదనుండి వెనుకకు పడి మెడ విరిగి మరణించెను. ఆయన 98 ఏండ్ల ప్రాయమును, మందగించిన చూపును, శరీరపు బరువును లేఖనము వ్రాసిపెట్టుట గమనింపుడి. కారణములను ఇట్లు చూచి వ్రాయు అలవాటును నర్సుల పనిలో నాటినవారిలో ఫ్లారెన్సు నైటింగేలు ముఖ్యురాలు.

ఈమె 1820 మే 12న ఇటలీలో ఒక ధనిక ఆంగ్ల కుటుంబమునందు జన్మించెను. 1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్లెను. దీపము పట్టుకొని రాత్రులు తిరిగిన సంగతి మన బడిపిల్లలకును తెలియును. అంత సేవ జరిగినను ఆ చలికాలమున సైనికులు వేలకొలది చనిపోయిరి. తిండి లేమియు అలసటయు కారణమని ఆమె మొదట తలంచెను. 1855 మార్చిలో ప్రభుత్వము పంపినవారు వచ్చి, మురుగు తీయించి, గాలి వచ్చునట్లు చేసిన పిమ్మట మరణములు బహుగా తగ్గెను. స్వదేశము చేరి, విలియం ఫార్ అను గణకునితో అంకెలు సరిచూడగా, తాను పని చేసిన ఆసుపత్రి మురికియే అనేకులను చంపెనని తెలిసెను. తన పేరుకు మచ్చ తెచ్చు ఆ అంకెలను ఆమె దాచలేదు. పటములుగా గీసి అధికారులకు చూపెను. దీపముకంటె ఇదియే గొప్పదని మా తలంపు.

ఆమె మన దేశమును ఎన్నడును చూడలేదు. అయినను 1876-78 కరవులో మన సీమ ఎండినప్పుడు, కాలువలు త్రవ్వించవలెనని ఆంగ్ల పత్రికలలో వ్రాసెను. అప్పటికి అనంతపురము బళ్లారి జిల్లాలోనిదే.

వృద్ధులు పడకుండ చేయు ఉపాయములను నేడు నర్సులు అదే రీతిగా తూచి చూచుచున్నారు. మంచమునకు కట్టివేసినయెడల పడరని పూర్వము అనేకులు నమ్మిరి. లెక్క తీయగా పడుట తగ్గినట్లు రుజువు కాలేదు. గాయములును బలహీనతయు కలుగుచున్నవని తేలెను. కాళ్లకు బలమును నిలకడయు నిచ్చు వ్యాయామమును గూర్చి, వందకు పైబడిన పరిశోధనలను 2019లో కలిపి చూచిరి. ఇండ్లలో నివసించు వృద్ధులు పడుట సుమారు 23 శాతము తగ్గెను. అయితే వాటిలో ఎక్కువ భాగము ధనిక దేశములలో జరిగినవి. వేసవి రాత్రి మట్టిమిద్దెపై పండుకొను తాత, చీకటిలో నిచ్చెన దిగు అవ్వ ఆ లెక్కలో ఉన్నారా అని నైటింగేలు తప్పక అడిగియుండును. మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను గదా! మన పల్లెలలో ఎన్నింటికి అది కలదో సంఘపెద్దలు ఎంచి చూతురు గాక.

ఆమె చాలకాలము రోగియై మంచముమీదనుండియే పని జరిపెను. కడపట చూపు పోయెను. 1910 ఆగస్టు 13న, 90వ ఏట నిద్రించెను. ఆమె కోరినట్లే ఆర్భాటము లేక స్వగ్రామపు దేవాలయపు ఆవరణములో పాతిపెట్టిరి. రాతిపై ఆమె పేరునకు మొదటి రెండక్షరములు, రెండు తేదీలు మాత్రమే యున్నవి.