పతకం రాని గాడిదె సిపాయి

లడాయి కత అనంగనే మనకు తుపాకీ, పతకాలు యాదికొస్తయి. నాకైతె ఒక గాడిదె యాదికొస్తది. దాన్ని వట్టుకొని తిరిగిన జాన్ సింప్సన్ కిర్క్‌ప్యాట్రిక్ యాదికొస్తడు. ఆస్ట్రేలియాల బడి పిల్లలకు సుత గీ పేరు ఎరుకే. గని గాయిన గాడ పుట్టినోడు కాదు. ఓడ దిగి పరారైన వలసపోరడు.

1892ల ఇంగ్లండుల సౌత్ షీల్డ్స్ అనే రేవు పట్నంల పుట్టిండు. చిన్నప్పుడు ఎండకాలం సెలవులల్ల సముద్రపొడ్డున పిల్లలను గాడిదెల మీద తిప్పే పనికి పోయేటోడు. 1909ల నాయిన సచ్చిపోయిండు. ఇల్లు గడవాలె గదా, ఓడల పనికి ఎక్కిండు. 1910ల ఆస్ట్రేలియాల న్యూకాజిల్ రేవు రాంగనే చెప్పకుంట ఓడ దిగి ఉరికిండు. చెరుకు కొట్టిండు, బొగ్గుబాయిల చేసిండు, మళ్ల ఓడలెక్కి బాయిలర్ల బొగ్గేసిండు. అమ్మకు పైసలు పంపిండు. దుబాయికి మనిషిని తోలిన మన ఇండ్లల్ల గీ బతుకు ఎట్లుంటదో చెప్పే పని లేదు.

1914ల పెద్ద లడాయి మొదలైంది. గాయిన ఆస్ట్రేలియా దండుల చేరిండు. ఇంటిపేరు దాచి జాన్ సింప్సన్ అని రాయించిండు, ఓడ నుంచి ఉరికిన సంగతి బయటపడ్తదని కావచ్చు. దండు ఇంగ్లండుకు పోతది, కిరాయి లేకుంట అమ్మను జూడొచ్చు అనే ఆశ గూడ ఉండె. గని ఓడలు ఈజిప్టుల దించినయి. గాడికెల్లి తుర్కీల గల్లిపోలికి తీస్కపోయిండ్రు.

1915 ఏప్రిల్ 25న గా ఒడ్డున దిగిండ్రు. దెబ్బలు తాకినోళ్లను మోసుడు సింప్సన్ పని. తెల్లారి ఒక గాడిదె దొరికింది. చిన్ననాటి పని అక్కరకొచ్చింది. పైకి పోయేటప్పుడు నీళ్లు మోసుడు, కిందికొచ్చేటప్పుడు కాళ్లకు దెబ్బ తాకినోళ్లను కూసోవెట్టుకొని వచ్చుడు. గా లోయల దినాం తూటాలు, ఫిరంగి పెంకులు. తన దళంతోని కాకుంట ఒక్కడే తిరుగుతున్నా, పని జూసి పై ఆఫీసర్లు ఊకున్నరు. మకాం గూడ హిందుస్తానీ సిపాయిల కాడనే. కోహాట్ మౌంటెన్ బ్యాటరీ అనే ఫిరంగి దళపోళ్లు కంచరగాడిదెలు కట్టేసిన తావుల వాళ్లతోనే తిన్నడు, వాళ్లతోనే పన్నడు. వాళ్లు గాయినను బహదూర్ అనేటోళ్లట.

మే 19న తుర్కీ దండు పెద్ద దాడి చేసింది. గా పొద్దు లోయల మిషన్ గన్ తూటా తాకి సింప్సన్ పానం ఇడిసిండు. 22 ఏండ్ల పోరడు. గాడిదె తోని చేసిన నౌకరి 24 రోజులే.

సచ్చినంక కత పెరిగింది. 300 మందిని కాపాడిండన్నరు, గా లెక్క ఎవ్వలు రాసి పెట్టలే. పోరగాళ్లను దండుల చేర్పిచ్చెటందుకు గాయిన పేరు వాడుకున్నరు. ఇంగ్లండుల పనోళ్లు తిరగవడాలని అమ్మకు ఉత్తరం రాసిన మనిషని మాత్రం శానా ఏండ్లు చెప్పలే.

విక్టోరియా క్రాస్ ఇయ్యాలని ఎన్నో ఏండ్లు కొట్లాడిండ్రు. 2013ల ఆస్ట్రేలియా సర్కారు ఏసిన విచారణ, గాయిన ధైర్యం తన దళంల మోసేటోళ్లందరి ధైర్యం అసొంటిదేనని చెప్పి పతకం వద్దన్నది. శానా మందికి బాధైంది. నాకు మాత్రం గా తీర్పు మంచిగనే అనిపిచ్చింది. గాయినను తక్కువ చేసిందని నేననుకోను. గాడిదె లేకుంట, ఫోటో లేకుంట, గదే లోయల భుజాల మీద మోసినోళ్లు ఎంతమందో ఉన్నరని చెప్పింది.

తమ్మీ, చెల్లే, ఫోన్ల గీ గాడిదె బొమ్మ ఎప్పుడన్న కనవడితె గాళ్లను గూడ యాది చేసుకోర్రి. గాయిన తుపాకీ కాలిస్తె పెద్దోడు కాలే. ఇంటికి పోదామని బయలెల్లి, ఊరు పేరు తెల్వని మందిని ఒడ్డు దాంక చేర్చిండు.