ఇన్కా గార్సిలాసో

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, ఆండీస్ పర్వతములపై, సముద్రమట్టమునకు సుమారు 3,400 మీటర్ల యెత్తున కుస్కో నగరము కలదు. పూర్వమది ఇన్కా చక్రవర్తుల రాజధాని. నగరమునకు పైన, కొండమీద, సాక్సాయ్‌వామాన్ అను మహాదుర్గపు శిథిలములు నేటికిని నిలిచియున్నవి. అందలి రాళ్లలో కొన్ని నూరు టన్నులకు మించిన బరువు గలవి. సున్నము లేకయే అవి యొకదానితో నొకటి సూదిమొనకు సైతము సందు లేకుండ అమరియున్నవి.

పూర్వమొక బాలుడు ఆ రాళ్ల నడుమ ఆడుకొనుచుండెడివాడు. అతడే తరువాతి కాలమున ఇన్కా గార్సిలాసో దె లా వేగా యని ప్రసిద్ధి కెక్కెను.

స్పెయిన్ సైనికులు 1533లో కుస్కోను ఆక్రమించిరి. ఆరేండ్లకు, 1539లో, గార్సిలాసో జన్మించెను. తండ్రి జయించినవారిలో నొక సేనాని. తల్లి చింపు ఓక్లో ఓడినవారి రాజవంశమున పుట్టిన స్త్రీ. ఆమె యింట బంధువులు కూడి, పోయిన రాజ్యమును తలచి కన్నీరు కార్చుచుండెడివారు. బాలుడు వారి కెచువా భాషను తల్లిపాలతో నేర్చెను. వారి పూర్వుల కథలను వృద్ధులనడిగి తెలిసికొనెను. ఇన్కాలు వ్రాతకు మారుగా త్రాళ్లకు ముడులు వేసి లెక్కలు భద్రపరచుకొనెడివారు. ఆ ముడులను చదువు విద్యయు అతనికి పట్టుబడెను.

ఇంతలో తండ్రి చింపు ఓక్లోను విడిచి, స్పెయిన్ దేశపు స్త్రీని వివాహమాడెను. కొండపై కోటకును అట్టి గతియే పట్టెను. విజేతలు తమ యిండ్లకై దాని రాళ్లను పెకలించి క్రిందికి దింపసాగిరి. కదలింప శక్యముగాని పెద్దరాళ్లు మాత్రమే మిగిలెను.

తండ్రి మరణించిన మరుసటి యేడు, 1560లో, గార్సిలాసో చదువుకై స్పెయిన్‌కు పయనమయ్యెను. బయలుదేరుటకు ముందు ఒక అధికారి యింట, చెడకుండ భద్రపరుపబడిన ఇన్కా ప్రభువుల దేహములను చూచెను. ఒక చక్రవర్తి వ్రేలిని తాకెను. అది కొయ్యవలె బిగిసియుండెను.

స్పెయిన్‌లో అతడు తండ్రి చేసిన సేవలకు ప్రతిఫలము నర్థించెను. తండ్రి యొకప్పుడు తిరుగుబాటుదారునకు తోడ్పడెనని చెప్పి, అధికారులు నిరాకరించిరి. అతడు మరల కుస్కోను చూడలేదు. కాని తన జన్మకు సిగ్గుపడలేదు. తండ్రి పేరు ధరించి, దానికి ముందు తల్లి వంశనామమైన ఇన్కా యను పదమును చేర్చుకొనెను. తనతో చదువుకొన్న పెరూ మిత్రులకు జాబులు వ్రాసి, వారి తల్లుల యిండ్లనుండి పూర్వవృత్తాంతములను తెప్పించుకొనెను. ఇన్కాల చరిత్రను స్పానిష్ భాషలో రచించి, డెబ్బదియేండ్ల వయస్సున, 1609లో, లిస్బన్ నగరమున ప్రకటించెను. తనవారిపై ప్రేమచే వారి లోపములను కొంత మరుగుపరచెనని పండితులందురు. అయినను, కోట పూర్వరూపమును, పండుగలను, పంటలను, బాటలను అతడు సవివరముగా వర్ణించెను.

1616లో గార్సిలాసో కోర్డోబా నగరమున మరణించెను. 1780లో కుస్కో ప్రాంతమున స్పెయిన్ పాలనపై గొప్ప తిరుగుబాటు చెలరేగెను. అది యణగిన పిదప, ప్రభుత్వము ఆ గ్రంథమునకు జడిసి దానిని నిషేధించెను. గ్రంథము నశింపలేదు.

1978లో అతని యస్థికలలో కొంత భాగమును స్పెయిన్ రాజు స్వయముగా కుస్కోకు తెచ్చియిచ్చెను. 1560లో ఇల్లు విడిచిన యువకుడు 418 సంవత్సరములకు తల్లి నగరమును చేరెను.