మత్రా డాక్టరు వెల్స్ థామ్స్



మత్రా సూక్‌కు మీరు ఎన్నోసార్లు వెళ్లే ఉంటారు. ఆ ఊళ్లోని మిషన్ ఆసుపత్రిని పాతతరం ఒమానీలు అక్కడి డాక్టరు పేరుతోనే పిలిచేవారు. ఆయనే వెల్స్ థామ్స్.

ఆయన తల్లి మారియన్, తండ్రి షారన్ ఇద్దరూ అమెరికా నుండి అరేబియాకు వచ్చిన మిషనరీ డాక్టర్లు. వెల్స్ పసివాడుగా ఉండగానే, 1905లో, తల్లి బహ్రెయిన్‌లో టైఫాయిడ్‌తో చనిపోయారు. టైఫాయిడ్ బాక్టీరియా పేగుల్లోంచి రక్తంలోకి చేరుతుంది. ఇంట్లో ఇద్దరు డాక్టర్లున్నా ఆ రోజుల్లో దానికి మందు లేదు. 1913లో తండ్రి మత్రాలో టెలిఫోన్ తీగ కడుతూ కిందపడి కన్నుమూశారు.

తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఈ అరేబియాకే ఆ కుమారుడు డాక్టరై తిరిగొచ్చారు. 1939 నుండి 1970 వరకు మత్రాలో సేవ చేశారు. ఒమాన్‌లో ఆసుపత్రులను వేళ్లమీద లెక్కపెట్టగలిగిన కాలం అది. మన మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని స్థాపించిన అమెరికా రిఫార్మ్‌డ్ సంఘమే ఆయనను కూడా పంపింది.

ఆయన మత్రాకు వచ్చేనాటికి సల్ఫా మందులు తప్ప పెద్ద ఆధారం లేదు. సెగ్గడ్డలోని చీము రక్తంలోకి పాకితే బ్రతకడం కష్టం. 1941లో ఇంగ్లండులో అలాంటి రోగి అయిన ఒక పోలీసుకు మొదటిసారి పెన్సిలిన్ ఇచ్చారు. అతడు కోలుకోసాగాడు. కానీ మందు అయిపోయింది, జబ్బు తిరగబెట్టింది, అతడు చనిపోయాడు. యుద్ధం ముగిశాక పెన్సిలిన్ సామాన్యులకూ అందింది. 1948లో క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌ను నయం చేస్తుందని తేలింది. తల్లి ప్రాణం తీసిన జబ్బుకు కొడుకు సేవాకాలంలోనే మందు వచ్చింది. వెల్స్ థామ్స్ 1971లో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, మీలో కొందరు ఇళ్లల్లో, కొందరు సైట్లలో పని చేస్తున్నారు. జీతం కోస్తారన్న భయంతో పుండును దాచుకోకండి. చుట్టూ ఎర్రబడి వాపు పాకుతుంటే, చలిజ్వరం వస్తే, మనిషి తికమకగా మాట్లాడితే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. అలాంటప్పుడు మాత్రలు చాలవు, నరం ద్వారా మందు ఎక్కించాలి. చీము ఉంటే కోసి తీయాలి. కొన్ని బాక్టీరియాలు మామూలు మందులకు లొంగవు కాబట్టి రక్తపరీక్ష చూసి డాక్టరు మందు మారుస్తారు. జ్వరం తగ్గిందని మీ అంతట మీరు మధ్యలో మానకండి. ఆ పోలీసుకు మందు దొరకలేదు, మీకు దొరుకుతోంది.

మారియన్ అమ్మగారికి అందని ఈ మేలును నిర్లక్ష్యం చేయకుండా దేవుడు మనకు బుద్ధినిచ్చును గాక. ఆమేన్.