పుస్తకాల స్టాలు నుంచి నౌకాదళ శాఖ దాకా: డబ్ల్యు.హెచ్. స్మిత్



రైలు కోసం ఎదురుచూస్తూ ప్లాట్‌ఫారం మీది పుస్తకాల స్టాలు దగ్గర మీరూ ఎప్పుడో ఒకసారి ఆగే ఉంటారు. ఇంగ్లండులో అలాంటి స్టాళ్లను ఊరూరా నడిపించిన విలియం హెన్రీ స్మిత్ గురించి ఈసారి తెలుసుకుందాం.

ఆయన 1825 జూన్ 24న లండన్‌లో పుట్టారు. తండ్రిది వార్తాపత్రికల వ్యాపారం. కొడుక్కేమో ఆక్స్‌ఫర్డ్‌లో చదివి మతగురువు కావాలని కోరిక. తండ్రి ఒప్పుకోలేదు. తండ్రి మాట జవదాటలేక 1846లో వ్యాపారంలో భాగస్వామి అయ్యారు. ఇష్టం లేని పని కదా అని అశ్రద్ధ చెయ్యలేదు. 1848లో లండన్ యూస్టన్ స్టేషన్‌లో పుస్తకాల స్టాలు తెరిచారు. చౌకబారు పుస్తకాలు పక్కనపెట్టి మంచివి అమ్మారు. 1860లో అద్దె గ్రంథాలయం పెట్టారు. ఒక స్టేషన్‌లో పుస్తకం తీసుకుని, చదివి, ఇంకో స్టేషన్‌లో ఇచ్చేయగలిగేవారు!

1865లో పార్లమెంటుకు పోటీ చేసి, పేరొందిన తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ చేతిలో ఓడిపోయారు. 1868లో అదే వెస్ట్‌మినిస్టర్‌లో ఆయన మీదే గెలిచారు. పిల్లల చదువు చూసే తొలి లండన్ స్కూల్ బోర్డులోనూ సభ్యులయ్యారు.

1877లో ప్రధాని డిజ్రేలీ ఆయన్ను నౌకాదళ శాఖ మంత్రిని చేశారు. ఆ పదవిని ఫస్ట్ లార్డ్ ఆఫ్ ది అడ్మిరాల్టీ అనేవారు. ఓడల్లో పనిచేసిన అనుభవం లేదు, పుస్తకాల వ్యాపారికి నౌకాదళమేమిటని జనం నవ్వుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన హెచ్.ఎం.ఎస్. పినాఫోర్ అనే సంగీత నాటకంలో సముద్రం ఎరుగని నౌకాదళ మంత్రి పాత్ర ఉంది. దాంతో ఆయనకు పినాఫోర్ స్మిత్ అన్న పేరు అంటుకుంది. అయినా 1880 దాకా ఆ శాఖ నడిపారు. తర్వాత యుద్ధ శాఖ మంత్రి, 1887 నుంచి కామన్స్ సభా నాయకుడు అయ్యారు. 1891 అక్టోబరు 6న కన్నుమూశారు.

పిల్లలూ, ఎవరో నవ్వారని చేతిలో పని వదిలేయకండి. తల్లిదండ్రులకూ ఒక మనవి: స్మిత్ నెగ్గుకొచ్చారు కానీ, అందరు పిల్లలూ అలా నెగ్గుకురాలేరు. కాబట్టి పై చదువు నిర్ణయించే ముందు మీ పిల్లల మనసులో ఏముందో ఒక్కసారి అడగండి.

— ప్రధానోపాధ్యాయులు