టెంకాయ చెట్టును పైనుంచి చూసిన మాస్టారు

జూన్ నెల వచ్చిందంటే మన కోయంబత్తూరులో గాలి మారిపోతుంది. గాంధీపురంలో మిద్దె మీద ఆరేసిన బట్టలు పక్కింటికి ఎగిరిపోయేంత గాలి. అది పాలక్కాడు సందులోంచి వస్తుంది. పడమటి కనుమలు గోడ అనుకుంటే, ఆ సందు గోడకున్న వాకిలి. ఆ వాకిలికి అవతలి పక్క కొల్లెంగోడు అనే ఊళ్ళో 1909 ఫిబ్రవరి 10న పిషారోత్ రామ పిషారోటి పుట్టారు. భారతదేశంలో రిమోట్ సెన్సింగ్‌కు, అంటే దూరం నుంచే భూమిని పరిశీలించే శాస్త్రానికి, ఆయననే పితామహుడంటారు.

ఆయన మన భాషవారు కాదు, మలయాళీ. అయినా మన గోడపత్రికలో ఆయనకు చోటు ఎందుకంటే, ఆయన మొదలుపెట్టిన పని హైదరాబాదులో పెద్ద సంస్థగా పెరిగింది. ఆయన పట్టించుకున్న తెగులు ఇప్పుడు మనవాళ్ళ టెంకాయ తోపుల దాకా వచ్చింది.

పిషారోటి మొదట కాలేజీ మాస్టారు. మద్రాసు లయోలా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవారు. వేసవి సెలవులు వస్తే బెంగుళూరు వెళ్ళి సర్ సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసేవారు. 1942లో వాతావరణ శాఖలో చేరారు. తరువాత అమెరికా వెళ్ళి, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వాతావరణశాస్త్రం చదివి 1954లో డాక్టరేటు తెచ్చుకున్నారు. అప్పటికి ఆయన వయసు 45. అక్కడ ఆయనకు గురువు జాకబ్ బ్యెర్క్‌నెస్, ఆ శాస్త్రంలో చాలా పెద్ద పేరు. పాఠం చెప్పిన మనిషి నడివయసులో మళ్ళీ బెంచీ మీద కూర్చోవడం చిన్న సంగతి కాదు.

తిరిగి వచ్చాక ఆయన మనసంతా ఋతుపవనాల మీదే. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం భూమి మీదికి వచ్చినప్పుడు దానికి ఏ పక్కన వాన ఎక్కువ పడుతుందో 1957లో అస్నానీ అనే శాస్త్రవేత్తతో కలిసి చూపించారు. సాధారణంగా అది నైరుతి పక్కనే. నైరుతి వానకు కావలసిన తేమలో అరేబియా సముద్రం వాటా ఎంతో కూడా లెక్కకట్టారు. 1962లో పూనాలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఏర్పడినప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే.

1967లో రిటైరయ్యారు. మామూలుగా అక్కడితో కథ అయిపోవాలి. ఆయనకు మాత్రం అసలు పని అక్కడే మొదలైంది. విక్రం సారాభాయ్ ఆయనను అహమదాబాదు భౌతిక పరిశోధనశాలకు పిలిపించుకున్నారు. అప్పటికి రిమోట్ సెన్సింగ్ అన్న పేరే కొత్తది. ఆ పేరు పెట్టింది ఈవెలిన్ ప్రూయిట్ అనే అమెరికా భూగోళశాస్త్రవేత్త. ఒక స్త్రీ పెట్టిన పేరని మన కాలేజీలో చెప్పుకోవడం బాగుంటుంది. ఆ విషయం మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 1962లో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో జరిగింది.

మన దేశంలో దాన్ని దేనితో మొదలుపెట్టాలి? పిషారోటి బృందం ఎంచుకున్నది టెంకాయ చెట్టును. కేరళలో 1880ల నుంచీ వేరు వాడు తెగులు ఉంది. అది చెట్టును ఒక్కసారిగా చంపదు. ఆకులు మెత్తబడి లోపలికి వంగి పక్కటెముకల్లా కనిపిస్తాయి, మట్టలు పసుపెక్కుతాయి, కాపు తగ్గిపోతుంది. చెట్టు నిలబడే ఉంటుంది, ఇల్లు మాత్రం గడవదు. ఆ రోజుల్లో ఈ తెగులు ఎందువల్ల వస్తుందో కూడా తేలలేదు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల అని తరువాతే తెలిసింది.

1970లో హెలికాప్టరులో హాసెల్‌బ్లాడ్ కెమెరాలు పెట్టుకుని కేరళ తోపుల మీద ఎగిరి ఫోటోలు తీశారు. వాడింది మామూలు ఫిల్మ్ కాదు, పరారుణ కిరణాలను పట్టే ఫిల్మ్. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనిపించని ఆ కిరణాలను బాగా వెనక్కి కొడుతుంది, కాబట్టి ఫోటోలో ఎర్రగా వెలుగుతుంది. జబ్బు పడ్డ ఆకులో ఆ ఎరుపు తగ్గుతుంది. ఆ ఫోటోలను కింద చెట్లను పరీక్షించిన వివరాలతో పోల్చి చూశారు. పైనుంచి చూసి చెట్టు ఆరోగ్యం చెప్పవచ్చని తేలింది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు ఇదే తొలి అడుగు అంటారు. అదే ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ తరువాత అడుగులు గబగబా పడ్డాయి. అహమదాబాదు అంతరిక్ష ఉపయోగాల కేంద్రంలో ఈ విభాగాన్ని పిషారోటి నడిపించారు. 1974లో హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ పుట్టింది. 1979లో భాస్కర ఉపగ్రహం, 1988లో ఐ.ఆర్.ఎస్.-1ఎ ఎగిరాయి. హెలికాప్టరు కెమెరా చేసిన పనిని ఉపగ్రహం దేశమంతటికీ చేయసాగింది.

ముసలితనంలోనూ ఆయన వానను వదల్లేదు. ఏడాదికి 8,760 గంటలుంటే, మన దేశంలో వాన మొత్తం సుమారు 100 గంటల్లోనే కురిసిపోతుందని, అందుకే కురిసినచోటే చెరువుల్లో నిలుపుకోవాలని చెబుతూ వచ్చారు. నొయ్యల్ నీళ్ళతో నిండే మన ఉక్కడం, సింగానల్లూరు చెరువులను చూసినవాళ్ళకు ఆ మాట వేరే వివరించనక్కర్లేదు. 1989లో ప్రపంచ వాతావరణ సంస్థ తన అత్యున్నత పురస్కారాన్ని ఆయనకు ఇచ్చింది.

2002 సెప్టెంబరు 24న, 93 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆ డిసెంబరులోనే అంతర్జాతీయ ఫోటోగ్రామెట్రీ, రిమోట్ సెన్సింగ్ సంఘం ఏడవ విభాగం సదస్సు హైదరాబాదులో జరిగింది. వనరులను, పర్యావరణాన్ని ఉపగ్రహాలతో గమనించడమే దాని విషయం. మిచిగాన్‌లో తొలి సదస్సు జరిగిన 40 ఏళ్ళకు, అలాంటి సభకు తెలుగు నేల వేదికైంది. దానికి దారి వేసినవాళ్ళలో ముందు నడిచిన మనిషి ఆ సభ చూడలేదు.

ఆయన జీవితం చదివితే నాకు తోచింది ఒకటే. ఆయన పైకి ఎక్కింది కింద ఉన్న రైతు చెట్టు కోసం. పైనుంచి తీసిన ఫోటో ఎక్కడ తేడా ఉందో చూపిస్తుంది. అది ఏ జబ్బో తేల్చాలంటే ఎవరో ఒకరు ఆ చెట్టు కిందికి వెళ్ళాలి. అదే వేరు వాడు తెగులు ఇప్పుడు పొళ్ళాచ్చి వైపు తోపుల్లో ఉంది. మనలో చాలామందికి అక్కడ సొంత తోపులో, చుట్టాల తోపులో ఉన్నాయి. దానికి మందు లేదు. బాగా పాడైన చెట్లను తీసేయడం, మిగిలినవాటికి ఎరువు, నీరు సరిగా పెట్టడం, తట్టుకునే రకాలు నాటడం, ఇవే దారులు. కాబట్టి ముందే గుర్తుపట్టడం ముఖ్యం. ఈ సెలవులకు ఊరికి పోయేవాళ్ళు ఒకసారి తలెత్తి మట్టలను చూడండి. ఆకులు పక్కటెముకల్లా వంగి ఉంటే, మన ఊళ్ళోనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళకు చూపించమని మీ నాన్నకో తాతకో చెప్పండి.